మార్లవాయి: మనవాళ్లే పంతుళ్లైన చోటు

ప్రతి ఏటా జనవరి 11న కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలోని మార్లవాయిలో జనం రెండు సమాధుల దగ్గర చేరుతారు. ఒకటి బెట్టీ ఎలిజబెత్‌ది. 1987లో ఆ రోజున ఆమె హైదరాబాద్‌లో కన్నుమూస్తే ఇక్కడికి తెచ్చి మట్టి చేశారు. రెండోది ఆమె భర్త ప్రొఫెసర్ క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్‌ది. ఆయన 1995లో లండన్‌లో చనిపోయారు. భార్య పక్కనే ఉండాలన్న కోరిక ప్రకారం ఆయన అస్థికలను 2012లో ఇక్కడికి తెచ్చారు.

వర్ధంతి సభల్లో పెద్దలు చాలా సంగతులు చెబుతారు. భూమి పట్టాలు ఇప్పించిన కథ చెబుతారు. కేస్లాపూర్ నాగోబా జాతరలో దర్బార్ ఎలా మొదలైందో చెబుతారు. ఒక్క సంగతి మాత్రం రెండు ముక్కల్లో అయిపోతుంది. అది 1943లో ఇదే గూడెంలో తెరిచిన గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం. మేము పంతుళ్లం. మాకు ఆ రెండు ముక్కలు చాలవు. అందుకే ఈ వ్యాసం.

మేము టీటీసీ చదివిన రోజుల్లో ఫ్రోబెల్ గురించి చదివాం, మాంటిస్సోరి గురించి చదివాం, 1937లో వార్ధాలో గాంధీజీ చెప్పిన బేసిక్ విద్య గురించి చదివాం. పరీక్షలో పది మార్కుల ప్రశ్నలకు జవాబులు రాశాం. మా ఊళ్లకు ఇంత దగ్గరలో, మా భాషలో, మా వాళ్లనే పంతుళ్లుగా తయారు చేసిన కేంద్రం ఒకటి నడిచిందని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఉద్యోగంలో చేరిన ఎన్నో ఏళ్లకు ఒక వృద్ధుడి నోట విన్నాం. ఇప్పుడు శిక్షణ పొందుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు అంత ఆలస్యం కాకూడదు.

జోడేఘాట్ తర్వాత

మార్లవాయి కథ మార్లవాయిలో మొదలు కాలేదు, జోడేఘాట్‌లో మొదలైంది. అప్పటి ఆదిలాబాద్ జిల్లా నిజాం పాలనలో ఉన్న హైదరాబాద్ రాజ్యంలో భాగం. అడవిని రిజర్వు చేశారు. తాతల నాటి నుంచి దున్నుకుంటున్న చేలలోంచి గోండులను, కోలాములను వెళ్లగొట్టారు. బయటి నుంచి వచ్చినవాళ్లు పట్టాలు చేయించుకున్నారు. జంగ్లాత్ చౌకీదార్లు, పట్వారీలు మామూళ్లు లాగారు. కాగితం చదవగలిగినవాడు గూడెంలో ఒక్కడూ లేడు. ఎదురు తిరిగిన కుమురం భీం, ఆయన సహచరులు 1940లో జోడేఘాట్ కొండల్లో పోలీసు తూటాలకు నేలకొరిగారు.

ఆ నెత్తురు ఆరక ముందే ప్రభుత్వానికి ఒక ప్రశ్న మిగిలింది. ఎప్పుడూ అణిగిమణిగి ఉండే గోండులు ఎందుకు తిరగబడ్డారు? దాని జవాబు వెతకడానికి పంపిన మనిషే హైమండార్ఫ్. ఈ వరుస గుర్తుంచుకోవాలి. ఎక్కడి నుంచో ఒక దొర వచ్చి జాలిపడి మనకు బడి ఇచ్చాడని కొందరు చెబుతారు. అది సగం మాటే. భీం పోరు లేకపోతే ఆ దొరను ప్రభుత్వం మన గూడేలకు పంపేది కాదు, పంపినా ఆయన రాసింది చదివేది కాదు.

వియన్నా నుంచి మార్లవాయికి

హైమండార్ఫ్ 1909లో వియన్నాలో పుట్టారు. అక్కడే మానవశాస్త్రంలో డాక్టరేటు చేశారు. లండన్‌లో మాలినోస్కీ దగ్గర మరికొంత నేర్చుకున్నారు. 1936, 37లలో నాగా కొండల్లో పనిచేశారు. 1939లో మళ్లీ ఇండియాకు వచ్చేసరికి రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిష్‌వాళ్ల లెక్కలో శత్రుదేశపు పౌరుడు. జైలు శిబిరంలో పెట్టకుండా హైదరాబాద్ రాజ్యం దాటి పోవద్దని కట్టడి చేశారు. అలా వచ్చిన కట్టడి మన చరిత్రతో ముడిపడింది.

ఆయన ముందు నల్లమల చెంచుల దగ్గర, తర్వాత గోదావరి ఒడ్డున కొండరెడ్ల దగ్గర ఉన్నారు. 1941లో గోండుల దగ్గరికి వచ్చి మార్లవాయిలో దిగారు. గోడలు మట్టివి, కప్పు గడ్డి. భార్య బెట్టీ కూడా వెంటే ఉన్నారు. ఆయన గోండీ నేర్చుకున్నారు. దండారి ఆటలు చూశారు, పర్ధాన్లు కిక్రీ వాయిస్తూ చెప్పే వంశగాథలు రాసుకున్నారు. ఆ పనే తర్వాత భార్యాభర్తలిద్దరి పేరుతో 1948లో ఆదిలాబాద్ రాజగోండులపై పుస్తకంగా వచ్చింది.

ఆయన చేసిన పరిశోధన పుస్తకంతో ఆగలేదు. ఎవరి చేను ఎవరి పేరున పోయింది, ఎవరు ఎంత లంచం గుంజారు, ఏ ఊరిని ఎప్పుడు ఖాళీ చేయించారు అని ప్రభుత్వానికి నివేదికలు రాశారు. బస్తర్ మాడియా గోండుల మీద అంతకుముందే పుస్తకం రాసిన గ్రిగ్సన్ అప్పుడు హైదరాబాద్‌లో రెవెన్యూ మంత్రి. అందువల్ల ఆ నివేదికలు అటకెక్కలేదు. నివేదికల్లో రెండు మాటలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి భూమికి పట్టా, రెండోది బడి. పట్టా చదవడం రాని మనిషి చేతిలో పట్టా నిలవదని ఆయన గ్రహించారు. భూమి లేని మనిషికి చదువు ఒక్కటే ఇచ్చినా నిలవదు. ఆ తర్వాతి కొన్నేళ్లలో ఆదిలాబాద్ గిరిజనులకు లక్షన్నర ఎకరాలకు పైగా భూమి పట్టా అయింది. బడుల పని కూడా అదే కాలంలో సాగింది.

పంతుళ్లు ఎక్కడి నుంచి రావాలి?

బడులు పెట్టాలంటే పంతుళ్లు కావాలి. అప్పట్లో చదువుకున్నవాళ్లంతా పట్నాలవాళ్లు, మైదానపు ఊళ్లవాళ్లు. వాళ్లకు గోండీ రాదు. వాన కాలంలో దారి ఉండదు, చలి జ్వరాలు పట్టుకుంటాయి. వచ్చినవాడు నెల తిరక్కుండా బదిలీకి అర్జీ పెట్టుకుంటాడు. ఉన్నన్ని రోజులు పిల్లలను చూసి, వీళ్లకు చదువు ఎక్కదని తీర్పు చెబుతాడు. ఈ మాటలు చదువుతుంటే మన కాలం గురించి చెప్పినట్టే ఉంటుంది.

అర్హత ఉన్న పంతులును తెచ్చి గోండీ నేర్పాలా, గోండీ వచ్చినవాడికి చదువు నేర్పి పంతులును చేయాలా? మార్లవాయిలో రెండో దారి పట్టారు. 1943లో కేంద్రం తెరిచినప్పుడు వచ్చినవాళ్లు కొద్దిమంది గోండు యువకులు. వాళ్లలో కొందరికి కాస్త మరాఠీ కూడబలుక్కుని చదవడం వచ్చు, అంతే. ఇవాళ్టి లెక్కలో చూస్తే వాళ్లలో ఎవరూ డీఎస్సీ దరఖాస్తు కూడా నింపలేరు. అయినా వాళ్లకు రాయడం, చదవడం, లెక్కలు నేర్పి, పిల్లలకు ఎలా చెప్పాలో నేర్పి గూడేలకు పంపారు.

మొదటి వాచకాలు గోండీలో తయారు చేశారు. అక్షరాలు దేవనాగరివి. ఆ లిపి ఎందుకంటే, ఆ ప్రాంతంలో చుట్టుపక్కల నడిచేది మరాఠీ. గోండీని ఆ అక్షరాల్లో చదవడం వచ్చిన పిల్లవాడికి మరాఠీ పుస్తకం అందుకోవడం సులువు. ఆ తర్వాత ప్రభుత్వ భాష ఉర్దూ. ఇంటి భాష నుంచి అంగడి భాషకు, అక్కడి నుంచి కచేరీ భాషకు వెళ్లే వరుస అది. ఇప్పుడు బహుభాషా విద్య అని శిక్షణా తరగతుల్లో మాకు చెబుతున్న సూత్రం ఇదే. ఆనాటి గోండు పంతుళ్లు ఆ పేరు వినకుండానే చేసి చూపారు.

శిక్షణ పొందిన పంతులు పని బడితో అయ్యేది కాదు. గూడెంలో అక్షరం వచ్చిన ఒకే ఒక్క మనిషి అతను. గిర్దావర్ ఇచ్చిన రసీదులో ఎంత రాసుందో చదివి చెప్పాలి. షావుకారు పద్దులో అప్పు ఎంత పెరిగిందో చూడాలి. తాలూక్దారుకు అర్జీ రాయాలి. పంతులు కుర్చీలో మనవాడు కూర్చుంటే మోసం చేసేవాడు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాడు. పంతుళ్లతో పాటు రెవెన్యూ, అటవీ శాఖల్లో చిన్న ఉద్యోగాలకు కూడా గోండు యువకులు ఈ చదువు దారిలోనే వెళ్లారు. వరంగల్ జిల్లా కోయ గూడేలకు కూడా ఇదే పద్ధతి విస్తరించింది.

ఈ పనిలో ఇంకొక పేరు చెప్పుకోవాలి. సేతుమాధవరావు పగ్డీ. గిరిజనుల పని చూడడానికి నియమించిన అధికారి ఆయన. మరాఠీ, ఉర్దూ పండితుడు. గూడేల్లో తిరిగి గోండీ నేర్చుకుని గోండీ వ్యాకరణం రాశారు. అధికారి మన భాష నేర్చుకోవడం అంటే ఏమిటో చూసిన పెద్దలు ఆయన పేరును చాలాకాలం తలుచుకున్నారు.

ఆచార్యుడి తర్వాతి ప్రయాణం

1945 నుంచి 1949 వరకు హైమండార్ఫ్ ఉస్మానియా విశ్వవిద్యాలయంలో మానవశాస్త్ర ఆచార్యులుగా, నిజాం ప్రభుత్వానికి గిరిజన, వెనుకబడిన తరగతుల సలహాదారుగా పనిచేశారు. తర్వాత లండన్‌లోని ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయనాల కళాశాలలో చేరి, అక్కడ మానవశాస్త్ర విభాగాన్ని నిలబెట్టారు. 1951 నుంచి 1976 వరకు ఆచార్యులుగా ఉన్నారు. నేపాల్ షెర్పాల మీద చేసిన పరిశోధనతో ఇంకా పేరు వచ్చింది. బ్రిటన్‌లోని రాయల్ ఆంథ్రొపాలజికల్ ఇన్‌స్టిట్యూట్‌కు అధ్యక్షులయ్యారు. ఆయన తీసిన ఫొటోలు, సినిమా రీళ్లు లండన్‌లో భద్రంగా ఉన్నాయి. మన తాతల ముఖాలు మనకన్నా ముందు అక్కడివాళ్లు చూశారు.

ఉద్యోగ విరమణ తర్వాత ఆయన మళ్లీ మన గూడేలకు వచ్చారు. అప్పుడు చూసింది 1982లో వచ్చిన పుస్తకంలో రాశారు. బతకడానికి గిరిజనులు చేస్తున్న పోరాటం అన్నది దాని పేరులోనే ఉంది. తన కాలంలో పట్టాలైన భూములు మళ్లీ చేతులు మారాయి. గోండీ వాచకాలు బడుల్లో లేవు. తాను మొదలుపెట్టిన పని చెదిరిపోయిందని ఆయన దాచుకోలేదు. తన సొంత పని ఓడిన చోట ఓడిందని రాయగలిగిన పరిశోధకులు తక్కువ. మేము ఆయన్ను గౌరవించేది ఎక్కువగా అందుకే.

ఆయన్ను దేవుణ్ని చేయాల్సిన అవసరం మాత్రం లేదు. ఆయన నిజాం ప్రభుత్వపు సలహాదారు. ఆ ప్రభుత్వం తిరుగుబాటు మళ్లీ రాకూడదని కూడా ఈ పనులు చేసింది. ఆయన రాతల్లో హైమండార్ఫ్ పేరు ప్రపంచానికి తెలిసింది. వానలో తడుస్తూ గూడెం గూడెం తిరిగి పాఠం చెప్పిన ఆ మొదటి గోండు పంతుళ్ల పేర్లు ఎంతమందికి తెలుసు?

భాష ఎక్కడ పోయింది

1948లో నిజాం పాలన పోయింది. 1956లో భాషల వారీగా రాష్ట్రాలు ఏర్పడ్డాయి. తెలుగు మాట్లాడేవాళ్లకు అప్పుడే ఒక రాష్ట్రం దొరికింది, మరాఠీ మాట్లాడేవాళ్లకు 1960లో ఒక రాష్ట్రం దొరికింది. గోండీ మాట్లాడేవాళ్లను నాలుగైదు రాష్ట్రాలకు పంచారు. ఆదిలాబాద్ గోండులు ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చారు. మరాఠీ పోయి తెలుగు వచ్చింది, గోండీ వాచకం రెండింటి మధ్య నలిగి పోయింది. వింత ఏమిటంటే అదే 1956లో రాజ్యాంగంలో 350ఏ అధికరణం చేర్చారు. భాషాపరంగా మైనారిటీ అయిన పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించాలని అది చెబుతుంది. కాగితం మీద హక్కు వచ్చిన ఏడే తరగతి గది నుంచి మన భాష వెళ్లిపోయింది.

దాని ఫలితం మేము ప్రతి జూన్‌లో ఒకటో తరగతిలో చూస్తాం. మా దగ్గర ఒక పాప మొదటి నెలంతా నోరు విప్పలేదు. ముందున్న టీచరు రిజిస్టరులో ఆమె పేరు పక్కన మందబుద్ధి అని రాసిపెట్టారు. ఒకరోజు తెలుగులో ‘నీళ్లు తాగావా?’ అని అడిగితే ఊరకే చూసింది. ‘ఏర్’ అన్న మాట చెవిన పడగానే లేచి కుండ దగ్గరికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది. గోండీలో ఏర్ అంటే నీళ్లు. తెలుగులో ఏరు అంటే వాగు. రెండు మాటలూ ఒక తల్లి పిల్లలే. ఆ పాప ఇంట్లో నేర్చుకున్న మాట నుంచి తెలుగు మాటకు ఒక్క అడుగు దూరమే. ఆ అడుగు వేయించే మనిషి లేక ఆమెకు మందబుద్ధి అని పేరు పడింది. ఆ పాప తర్వాత పదో తరగతి పాసైంది.

మళ్లీ మొదలు, మళ్లీ ఆగడం

పూర్తిగా ఏమీ జరగలేదని అనలేం. 1986లో ప్రభుత్వం 275 నంబరు జీవో తెచ్చి షెడ్యూల్డ్ ప్రాంతాల్లో టీచరు పోస్టులు స్థానిక గిరిజనులకే అంది. అది కోర్టుల్లో నిలవలేదు. 2000 జనవరిలో రాజ్యాంగం ఐదో షెడ్యూలు కింద 3 నంబరు జీవో వచ్చింది. మాలో చాలామంది ఆ జీవోతోనే చాక్‌పీసు పట్టుకున్నాం. 2004 నుంచి గోండీ, కోయ, కోలామీ, కొండ, కువి, సవర, ఆదివాసీ ఒడియా, బంజారా, ఈ ఎనిమిది భాషల్లో తెలుగు లిపితో వాచకాలు వచ్చాయి. కొన్నాళ్లు మా తరగతి గదుల్లో నవ్వులు వినిపించాయి. తర్వాత ఆ పుస్తకాల ముద్రణ, శిక్షణ, పర్యవేక్షణ ఒక్కొక్కటిగా సన్నగిల్లాయి.

2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 3 నంబరు జీవోను కొట్టేసింది. వంద శాతం రిజర్వేషన్ రాజ్యాంగానికి విరుద్ధమని చెప్పింది. అప్పటికే చేరినవాళ్ల ఉద్యోగాలను షరతులతో కాపాడింది. కొత్తగా చదువుకుని వస్తున్న మన పిల్లల దారి మాత్రం మూసుకుంది. అదే ఏడు వచ్చిన జాతీయ విద్యా విధానం, వీలైన చోట కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాషలో బోధించాలని చెప్పింది. ఇంటి భాషలో బోధించాలంటే ఆ భాష వచ్చిన పంతులు ఉండాలి కదా? ఒక చేత్తో భాష ఇస్తామంటూ ఇంకో చేత్తో పంతులును తీసేస్తే పాఠం చెప్పేదెవరు?

ఇక్కడే మార్లవాయి మనకు పనికొస్తుంది. కోర్టులో, అసెంబ్లీలో, దరఖాస్తులో మనం అడిగేది కొలువు మాత్రమే అన్నట్టు చూస్తున్నారు. మనం కూడా చాలాసార్లు అలాగే అడుగుతున్నాం. 1943లో గోండు యువకులను పంతుళ్లను చేసింది వాళ్లకు కొలువు ఇవ్వడానికి కాదు. వాళ్లు లేకపోతే పిల్లలకు చదువు చెప్పేవాడే లేడు కాబట్టి. స్థానిక ఆదివాసీ టీచరు పోస్టు పిల్లవాడి హక్కు. ఈ మాట మన వినతిపత్రాల్లో మొదటి వాక్యం కావాలి. మన భాష రావడం టీచరుకు ఒక అర్హతగా, పరీక్ష పెట్టి మార్కులు వేసే అర్హతగా గుర్తించమని అడగాలి. ఆ అర్హతలో మన పిల్లలు ఎవరికీ తీసిపోరు.

అదే సమయంలో మన తప్పు కూడా ఒప్పుకోవాలి. మనలో ఎందరం బడిలో మన భాష మాట్లాడుతున్నాం? ఇన్‌స్పెక్షన్‌కు ఎవరైనా వస్తే గోండీ ఆపి తెలుగులోకి మారతాం. మన పిల్లలను పట్నంలో ఇంగ్లీషు మీడియంలో వేసి, ఇంట్లో కూడా గోండీ మానేసిన టీచర్లు మనలోనే ఉన్నారు. ఆదివాసీ టీచరు ఉండి కూడా తరగతిలో ఆదివాసీ భాష లేకపోతే, 3 నంబరు జీవో కోసం మనం వేసే నినాదంలో బలం ఎక్కడి నుంచి వస్తుంది?

మనం చేయగలిగినవి

ప్రభుత్వం చేయాల్సినవి చాలా ఉన్నాయి, అడుగుతూనే ఉందాం. జీవో లేకుండా మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది, మార్లవాయిలో శిక్షణ పొందిన ఆ తొలి పంతుళ్ల పేర్లు సేకరించడం. వాళ్లు ఇప్పుడు లేరు. వాళ్ల కొడుకులు, కోడళ్లు, మనుమలు ఉన్నారు. ఇంట్లో పాత పెట్టెలో ఒక గోండీ వాచకం, ఒక నియామకపు కాగితం, ఒక ఫొటో ఉండవచ్చు. ఇంటర్, డిగ్రీ చదివే యువకులు తమ గూడెం పెద్దలను కూర్చోబెట్టి అడిగి ఫోన్లో రికార్డు చేయాలి. ఇంకో పదేళ్లు ఆగితే అడగడానికి మనుషులు ఉండరు.

రెండోది, ఒకటో తరగతిలో మొదటి మూడు నెలలు ఇంటి భాషలోనే మాట్లాడడం. కథ, లెక్క, ఆట అన్నీ అందులోనే. తెలుగు మాటలను దాని పక్కన మెల్లగా కలపాలి. దీనికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. పిల్లవాడు తెలుగు ఆలస్యంగా నేర్చుకుంటాడేమో అన్న భయం వద్దు. త్వరగా నేర్చుకుంటాడని మా అనుభవం.

మూడోది, రాయడం. నార్నూర్ మండలం గుంజాలలో 2006లో బయటపడిన గోండీ రాతప్రతులు మన భాషకు సొంత లిపి ఉందని చూపించాయి. ఆ లిపి 2018లో యూనికోడ్‌లోకి కూడా చేరింది. ఇప్పుడు ఫోన్లో గోండీ రాయవచ్చు. లిపి ఏదైనా ముందు రాయడం మొదలుపెట్టాలి. పాఠం చెప్పిన రోజు పిల్లలు ఏ మాట దగ్గర ఆగారో ఒక నోటుబుక్కులో రాసుకుంటే అదే పరిశోధన. హైమండార్ఫ్ చేసింది కూడా గూడెంలో కూర్చుని, విని, రాసుకోవడమే. ఆయనకు మన భాష నేర్చుకోవాల్సి వచ్చింది. మనకు అది తల్లిపాలతో వచ్చింది.

వచ్చే జనవరి 11న మార్లవాయి వెళ్లేవాళ్లు సమాధుల మీద పూలు పెట్టండి. ఆ తర్వాత అక్కడి పెద్దలను ఒక్క మాట అడగండి: ఆ మొదటి బడిలో చదివి పంతుళ్లైన మనవాళ్లు ఎవరు, ఏ ఊళ్లకు వెళ్లారు? చెప్పిన పేర్లు రాసుకుని మీ బడి గోడ మీద పెట్టండి. పిల్లలు చదువుతారు.